మాస్కు పిన్ని పని నేర్చిన తీరు

వెల్డింగ్ షెడ్డులో అందరూ ఆమెను మాస్కు పిన్ని అనేవారు. పొద్దున ముఖం మీదికి మాస్కు దించిందంటే మళ్ళీ భోజనానికి గానీ ఎత్తేది కాదు. పని నేర్పింది మేనమామ. ఆయన దగ్గర పాఠాల్లేవు, పరీక్షల్లేవు. అతుకు వంకర పోతే కోసేసి, మళ్ళీ వెయ్యమనేవాడు.

భర్తకు వేరే దేశంలో ఓడల మరమ్మతు కంపెనీలో పని దొరికితే ఆమె కూడా వెళ్ళి అక్కడే వెల్డరుగా చేరింది. అక్కడి ఫోర్‌మన్ ఆమె వేసిన అతుకు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత ఒక డ్రాయింగు ఇచ్చి, దాని ప్రకారం గొట్టం అతకమన్నాడు. ఆ గీతలు ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అడగడానికి నామోషీ వేసి, ఊహించి అతికింది. ఎడమకు తిరగాల్సిన గొట్టం కుడికి తిరిగింది.

ఆ దేశంలో పని నేర్చేవాళ్ళు వారంలో రెండు రోజులు బడికి, మిగతా రోజులు కార్ఖానాకు వెళతారు. కావాలంటే వాళ్ళతో పాటు మొదటి నుంచి చేరమన్నాడు ఫోర్‌మన్.

భర్త నవ్వాడు. "ఈ వయసులో బడేమిటి? వచ్చిన పని చాలదా?"

"చెయ్యి తిరిగింది గానీ కాగితం చూస్తే కళ్ళు తేలేస్తున్నాను. వెళ్తాను."

మొదటి పరీక్ష పోయింది. మళ్ళీ కూర్చుంది. చదువు సాగినన్నాళ్ళూ వంట భర్తదే. ఆ కూరల సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తదు.

పాసయ్యాక కంపెనీ ఆమెను మరో దేశానికి పంపింది. అక్కడ వెల్డింగ్ నేర్చేవాళ్ళకు చదువంతా తరగతిలోనే. పిల్లలు లోహం గుణాలు గడగడా చెప్పారు. రాడ్డు పట్టుకుంటే మాత్రం అతుకు వంకర పోయింది. ఆమెకు నవ్వు రాలేదు. డ్రాయింగు ముందు తను నిలబడ్డ తీరే గుర్తొచ్చింది.

సొంతూరు తిరిగొచ్చి మేనమామ షెడ్డులో గోడకు నల్లబల్ల కొట్టించింది. పనివాళ్ళందరికీ ఉదయం గంటసేపు డ్రాయింగు పాఠం, తర్వాతే పని అంది. గిరాకీ పక్క షెడ్డుకు పోతుందని ఆయన మండిపడ్డాడు. కొంత పోయింది కూడా. ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె పాఠం మానలేదు.

ఒక ఉదయం ఆయనే వచ్చి వెనకాల డబ్బా మీద కూర్చున్నాడు.

"ఆ తెగిన గీతలేంటే?"

"అవతలి వైపు ఉండి మనకి కనబడని అంచు, మామయ్యా."

ఆయన తలూపి, తర్వాతది చెప్పమన్నాడు. ఇప్పుడు పక్క షెడ్డు వాళ్ళు కూడా తమ మనుషుల్ని పంపుతున్నారు. ఎవరు ఆలస్యంగా వచ్చినా సరే, ఆమె వాళ్ళ కోసం ఆగదు.