కవరులో పెట్టిన ఓటు

నా చిన్నప్పుడు, బోధన్ దగ్గరి మా ఊళ్లో చెరకు కొట్టే కూలీల ఓట్లు పటేలు మనుషులే వేసేసేవారు. అది తప్పని ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ ఏడు ఎన్నికలకు ముందు నేను ఐదో తరగతి పుస్తకం బిగ్గరగా చదువుతుంటే, ఉన్నవాడి ఓటుకూ లేనివాడి ఓటుకూ విలువ ఒకటేనన్న మాట దగ్గర మా అవ్వ నన్ను ఆపింది. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. మళ్లీ చదివించుకుంది. మరునాడూ చదివించుకుంది.

ఓట్ల రోజున ఆమె ఉతికిన చీర కట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని ఓట్లు వేసే బడికి వెళ్లింది. మా ముందున్న ఇద్దరు ఆడవాళ్లతో అధికారి జాబితా చూసి, వాళ్ల ఓట్లు అప్పటికే పడిపోయాయన్నాడు. వాళ్లు తల వంచుకొని వెళ్లిపోయారు. అవ్వకూ అదే మాట చెప్పాడు. ఆమె కదల్లేదు. కిటికీ దగ్గర పటేలు మనిషి చూస్తూనే ఉన్నాడు.

అధికారి మంచివాడే. వేరే ఓటు కాగితం ఇస్తాను గానీ, దాన్ని విడిగా కవరులో పెడతారని, ఎవరైనా కోర్టుకు పోతే తప్ప లెక్కించరని నెమ్మదిగా చెప్పాడు.

"లెక్కకు రాకున్నా ఇయ్యి సారూ," అంది అవ్వ. "నేను బతికే ఉన్న, వచ్చిన అని రాసుంటది గద."

వేలిముద్ర వేసి, తనకు నచ్చిన గుర్తుకే ఓటేసి బయటికి వచ్చింది.

గెలిచింది పటేలు నిలబెట్టినవాడే. అవ్వకు ఆ కోతల కాలమంతా చెరకు తోటల్లో పని దొరకలేదు.

"గా కాగితం కడుపు నింపుతదా?" అని మా బాపు మండిపడ్డాడు. తల వంచుకొని పోయిన ఆ ఇద్దరూ మాతో మాట్లాడటం మానేశారు. అవ్వ రోజూ కోటగిరి వైపు నడిచిపోయి, వరి పొలాల్లో కలుపు తీసి వచ్చేది. సాయంత్రాలు వాచిన ఆమె కాళ్లు పిసుకుతూ, ఆ పాఠం చదివి వినిపించింది నేనే కదా అని లోలోపల కుమిలిపోయేదాన్ని.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఓటు వేయడానికి వరుసలో నిలబడ్డ ప్రతిసారీ, జాబితాలో నా పేరు మీద అప్పటికే గీత పడి ఉంటుందేమోనని గుండె దడదడలాడుతుంది. ఇంతవరకు ఎన్నడూ అలా జరగలేదు. అయినా ఆ దడ పోలేదు. ఎప్పుడైనా ఆ గీత పడి ఉంటే మాత్రం, అవ్వలాగే అక్కడి నుంచి కదలను.