అవే గోల్

గోల్‌కీపర్‌గా నాకున్న పేరంతా పెనాల్టీల వల్ల వచ్చిందే. మామూలు ఆటలో అప్పుడప్పుడు చేతుల్లోంచి జారవిడిచేదాన్ని గానీ, పెనాల్టీ అంటే మాత్రం ఎదుటి పిల్ల బంతి ముందు నిలబడే తీరు చూసే ఎటు తంతుందో పసిగట్టేసేదాన్ని. ఉయ్యూరులో మా అమ్మాయిల జట్టంతా దాన్నే నమ్ముకుంది. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

ఆ ఏడాది స్టేట్ టోర్నమెంట్ ఆడటం నాకు చావుబతుకుల సమస్య. స్టేట్ ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటూ హాస్టలూ దొరుకుతాయి. ఆ తర్వాత పీఈటీ ట్రైనింగ్ చేసి, ఏదో ఒక స్కూల్లో పిల్లలకి ఆట నేర్పుకుంటూ బతకొచ్చు. నేను కోరుకున్నది అంతే. మా ఇంట్లో ఇంటర్‌తో చదువు చాలన్నారు. మా పిన్ని విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపులో పనిచేస్తుంది, నాకోసం కూడా అక్కడే మాట్లాడి పెట్టింది. పైగా మరుసటి ఏడాదికి నా వయసు దాటిపోతుంది, ఇక ఆడనివ్వరు. అమ్మ తేల్చి చెప్పేసింది.

"స్టేట్‌కి వెళ్తే నీ ఇష్టం వచ్చినట్టు చదువుకో. లేకపోతే నోరు మూసుకుని పిన్నితో వెళ్ళు."

జిల్లా నుంచి స్టేట్‌కి ఒక్క జట్టే వెళ్తుంది. చివరికి మేమూ కొండపల్లి అమ్మాయిలూ మిగిలాం. రెండు మ్యాచ్‌లన్నారు. ఒకటి మా ఊళ్ళో, ఇంకోటి వాళ్ళ ఊళ్ళో. రెండింట్లో గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు.

మా ఊళ్ళో ఆడింది ఒకటి ఒకటితో సమానమైంది. మేం ముందు కొట్టాం. తర్వాత వాళ్ళు తన్నిన బంతి మా పిల్ల మోకాలికి తగిలి దారి మార్చుకుని లోపలికి పోయింది. నేను అటు దూకి, ఇటు పోయిన బంతిని చూస్తూ మట్టిలో పడున్నాను. మ్యాచ్ అయ్యాక టోర్నమెంట్ నడిపే పెద్దాయన మైకు పట్టుకున్నాడు. ఆ మైకు సగం మాటలు మింగేస్తోంది. ఆ గరగరలో మాకు వినిపించింది ఇది: "రెండూ కలిపి సమానమైతే అవే గోల్స్ లెక్కండీ."

తెలుగులో అవే అంటే అవే కదా. ఎవరికైనా అనుమానం ఎందుకొస్తుంది? మా కోచ్‌కీ రాలేదు. ఆయన్ని మేం మాస్టారు అనేవాళ్ళం. ఒకప్పుడు కబడ్డీ ఆడిన మనిషి. ఆడపిల్లలకి ఫుట్‌బాల్ ఏంటని ఊరంతా మూతి తిప్పుకున్నా మమ్మల్ని పోగేసి నేర్పాడు, అందుకే ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం రాదు. ఆయన మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఇవాళ కొట్టినవీ ఆ రోజు కొట్టేవీ అవే లెక్క, కొత్తగా కలిపేదీ తీసేసేదీ ఏం లేదు, అప్పటికీ సమానమైతే పెనాల్టీలే అని వివరించాడు. పెనాల్టీలు అనగానే అందరూ నావైపు తిరిగారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆ వారమంతా మేం ప్రాక్టీస్ చేసింది రెండే రెండు. ఒకటి పెనాల్టీలు. రెండోది గోల్ పడకుండా బంతిని ఎంత దూరం వీలైతే అంత దూరం బయటికి తన్నడం.

రెండో మ్యాచ్ ఆదివారం. అమ్మ చర్చికి వెళ్తూ, నాకోసం ప్రార్థన చేస్తానంది. ఏమని చేస్తావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. బస్సు బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కిటికీలోంచి పిన్ని వాళ్ళ షాపు బోర్డు కనిపించింది. గభాల్న తల ఇవతలికి తిప్పేసుకున్నాను. ప్రభువా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు అనుకున్నాను. పక్కన కూర్చున్న మా కెప్టెన్, నా చిన్నప్పటి స్నేహితురాలు, నా చెయ్యి పట్టుకుని నువ్వుండగా భయమేంటే అంది.

కొండపల్లి గ్రౌండ్‌లో నిలబడితే కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనిపిస్తాయి. ఎండ మాడ్చేస్తోంది. మేం అనుకున్నట్టే ఆడాం. బంతి వస్తే చాలు బయటికి తన్నడం, త్రో వేయడానికి తాపీగా నడవడం, షూ లేసులు విప్పి కట్టుకోవడం. విచిత్రమేంటంటే వాళ్ళూ అదే చేస్తున్నారు. వాళ్ళ కీపర్ బంతిని చంటిపిల్లలా చంకనేసుకుని తిరుగుతోంది. వాళ్ళ కోచ్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. సొంత ఊళ్ళో ఆడుతూ గెలవాలనే తొందర లేదేంటి వీళ్ళకి, పెనాల్టీల్లో నన్ను చూస్తే తెలుస్తుందిలే అని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండో సగం చివరికొచ్చింది. ఇంకా సున్నా సున్నాయే. నా గోల్ వెనక గొడుగేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. వాళ్ళ జట్టులో ఒక అమ్మాయి తల్లి. నేను బంతిని బలంగా బయటికి తన్ని చేతులు దులుపుకుంటుంటే పలకరించింది.

"ఏమ్మా, ఓడిపోతూ కూడా బంతిని బయటికి తంతారేంటి?"

ఓడిపోవడమేంటండీ, రెండు మ్యాచ్‌లూ కలిపితే ఒకటి ఒకటి, ఇంక పెనాల్టీలే కదా అన్నాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది.

"పెనాల్టీలెక్కడివమ్మా? మావాళ్ళు మీ ఊరొచ్చి ఒకటి కొట్టారు. మీరు మా ఊళ్ళో ఒక్కటీ కొట్టలేదు. సమానమైతే పరాయి ఊళ్ళో ఎవరు ఎక్కువ కొడితే వాళ్ళదే గెలుపు. దాన్ని అవే గోల్ అంటారంట. ఇంగ్లీషు మాటంట. మా అమ్మాయి వారం నుంచీ ఇంట్లో ఇదే పాట."

మైకులో ఆ పెద్దాయన అన్న మాట చెవిలో మళ్ళీ మోగింది. అవే గోల్స్ లెక్కండీ. అవి కాదు. పరాయి ఊళ్ళో కొట్టినవి. మేం గంటసేపు చచ్చీచెడీ కాపాడుకుంటున్నది మా ఓటమిని.

గొంతు చించుకుని కెప్టెన్‌ని పిలిచాను. అది బంతిని గీత బయటికి తన్ని, బొటనవేలు పైకెత్తి చూపించింది. నేను గోల్ వదిలేసి సగం దూరం పరిగెత్తుకెళ్ళాను.

"అవే గోలంటే అవి కాదే!"

"మరి ఏవే?"

ఏడుపొచ్చింది నాకు. వివరించడానికి టైమెక్కడుంది? గోల్ కొట్టండే, కొట్టకపోతే ఓడిపోతాం, పెనాల్టీల్లేవు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నాకు ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు చూసింది. గీత దగ్గర మాస్టారు ఇంకా నెమ్మది, నెమ్మది అని చేతులూపుతున్నాడు. నేను ఆయనకేసి అరిచాను. ఆయన వెళ్ళి టేబుల్ దగ్గరున్న వాళ్ళని ఏదో అడిగాడు. వాళ్ళు చెప్పింది విని ఉన్నచోటే కూలబడిపోయాడు. అప్పుడు అర్థమైంది మావాళ్ళకి.

ఇంక చూడాలి మా పాట్లు. అంతసేపూ బంతిని బయటికి తన్నడమే నేర్చుకున్న కాళ్ళు ముందుకు తన్నమంటే ఎలా తంతాయి? ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇద్దరు ఏడుస్తూ ఆడారు. ఎలాగో చివర్లో ఒక కార్నర్ దొరికింది. రిఫరీ వాచీ చూసుకుంటున్నాడు. ఇదే ఆఖరని అందరికీ తెలుసు.

గోల్ ఖాళీగా వదిలేసి పరిగెత్తాను. మా జట్టులో పొడుగుదాన్ని నేనే, తలతో కొట్టొచ్చు. వాళ్ళ గోల్ ముందు ఆ తోపులాటలో నిలబడ్డాను. స్టేటూ, డిగ్రీ సీటూ, హాస్టలూ, స్కూలు పిల్లలూ, అన్నీ ఆ బంతిలోనే ఉన్నాయి. కెప్టెన్ మూల నుంచి తన్నింది. అంత చక్కటి బంతి అది జన్మలో తన్నలేదు. అందరి తలల మీదుగా తిన్నగా నాకోసమే దిగుతోంది. వాళ్ళ కీపర్ ఎక్కడో దూరంగా ఉండిపోయింది. నేను ఎగిరాను.

నా చేతులు వాటంతటవే లేచాయి.

పట్టేశాను. జారకుండా, రెండు చేతులతో, గుండెలకి హత్తుకుని దిగాను. వాళ్ళ గోల్ ముందు. ఎన్ని వందల బంతులు పట్టిన చేతులు, వాటికేం తెలుసు అది ఎవరి గోలో?

విజిల్ మోగింది. ఆ వెంటనే గ్రౌండంతా ఒకటే నవ్వులు. కెప్టెన్ వచ్చి బంతి ఇయ్యవే అంటూ నా చేతులు విడదీయబోయింది. నేను వదల్లేదు. వదిలితే అంతా అయిపోతుందని తెలుసు. చివరికి రిఫరీయే వచ్చి, ఇవ్వమ్మా అని మెల్లగా అడిగి తీసుకున్నాడు.

పెద్ద పెద్ద దేశాల్లో ఆ రూలు ఎత్తేశారని ఈమధ్య ఎవరో చెప్పారు. ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఎత్తేస్తే నాకెందుకు, ఎత్తేయకపోతే నాకెందుకు?

మర్నాడే పిన్నితో బస్సెక్కాను. ఇప్పటికీ అదే షాపు. చీరలు కొనేవాళ్ళు వంద రకాలు తీయించి, వద్దని పక్కన పడేసి, ఆఖరికి వేలు పైకి చూపిస్తారు. "ఇందాక చూపించావే, అవే తియ్యమ్మా, అవే." నేనూ పైకి చూసి అవే అని కేకేస్తాను. నిచ్చెన మీదున్న మనిషి పై అరలోంచి చీరల కట్ట కిందికి వదుల్తాడు. నా చేతులు వాటంతటవే లేస్తాయి. ఇంతవరకూ ఒక్కటి కూడా కింద పడనివ్వలేదని మా ఓనరుగారు అందరి దగ్గరా మెచ్చుకుంటారు.