మలుపులో బండి మాట విన్న మనిషి

పోయిన మంగళవారం జగిత్యాలలో మా కాలేజీ మెట్లెక్కుతుండగా ఫోన్ మోగింది. కాకా కూతురు. "అక్కా, బాపు పోయిండక్కా. చాయ్ తాగుకుంట కూసున్నడు, గట్లనే పక్కకు ఒరిగిండు" అని ఏడ్చింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ పూట పాఠం చెప్పలేదు.

కాకా నాకు చుట్టం కాదు. కోరుట్లలో ఆయనకు కార్ల షెడ్డు ఉండేది. చాలా ఏళ్లు గల్ఫ్‌లో గ్యారేజీ పని చేసి వచ్చి పెట్టుకున్న షెడ్డు అది. ఇంజన్ జోలికి పోయేవాడు కాదు. చక్రానికీ బాడీకీ మధ్య ఏముందో అదే తన పని అనేవాడు. నాకు ఒక చిన్న స్పోర్టీ కారంటే పిచ్చి. ఆ కారు మూడు తరాలూ ఒకదాని తర్వాత ఒకటి నా చేతికి వచ్చాయి. మూడింటి తత్వమూ నాకు తెలిసిందంటే ఆయన వల్లే.

మొదటిది పాతది కొన్నాను. వెనక నుంచి ఒకటే టకటక. ఇద్దరు మెకానిక్‌లు షాకప్‌లు మార్చినా చప్పుడు పోలేదు. ఎవరో చెబితే కోరుట్ల తీసుకెళ్లాను. కాకా పానా కూడా పట్టుకోలేదు. వెనక సీట్లో కూర్చొని, "నడుపు మేడమ్, జర ఖరాబ్ రోడ్డు మీదికెల్లి పోనియ్యి" అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అని అద్దంలోంచి చూశాను. రెండు కిలోమీటర్లు పోయాక, "చాలు. షాకప్‌లు మంచిగనే ఉన్నయ్. ఎడమ దిక్కు రబ్బరు బుష్షు అరిగింది" అన్నాడు. విప్పి చూస్తే నిజంగా అదే.

ఆ మొదటి తరం కారు తేలిక. స్టీరింగ్ బరువుగా ఉన్నా రోడ్డు మీది చిన్న రాయి కూడా అరచేతికి తెలిసేది. మలుపులో మాత్రం పడవలా ఒక పక్కకు ఒరిగేది. కాకా ముందు చక్రాల మధ్య, బండిని ఒరగకుండా పట్టే సన్నటి స్టెబిలైజర్ రాడ్డు తీసి కొంచెం లావుది వేశాడు. స్ప్రింగులు ముట్టుకోలేదు. మరి వాటిని కూడా గట్టివి వేయొచ్చు కదా అని అడిగాను. ఆయన తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఆ సంగతే చెప్పాడు.

"మా నాయిన నడుముకు మోకు కట్టుకొని తాడెక్కుతుండె. మోకు మరీ బిగిస్తే మనిషి పైకి జరగడు. వదులు చేస్తే కింద పడ్తడు. స్ప్రింగు గూడ గంతే మేడమ్."

రెండో తరం కారు కొన్నప్పుడు ఆ మాట మరిచిపోయాను. అది బరువు పెరిగింది, ఎత్తు పెరిగింది, మెత్తగా పోయేది. స్టీరింగ్ ఒక్క వేలితో తిరిగేది కానీ చేతికి ఏమీ చెప్పేది కాదు. నాకు పాత చురుకు కావాలనిపించింది. కాకాకు చెప్పకుండా పట్నంలో ఒక షాపులో స్ప్రింగులు కోయించి, బండిని రెండంగుళాలు కిందికి దింపించాను. చూడ్డానికి భలే ఉంది. గర్వంగా కోరుట్ల తీసుకెళ్లాను.

కాకా చుట్టూ తిరిగి చూశాడు. పక్క సీట్లో కూర్చొని, "చందుర్తి దిక్కు పోనియ్యి" అన్నాడు.

సిరిసిల్లలో మా అమ్మగారింటికి వెళ్లే దారి అది. నాకు ప్రతి మలుపూ తెలుసు. ఆ ధైర్యంతోనే వేగంగా తిప్పాను. మలుపు మధ్యలో చిన్న గుంత. బండి అడుగంటా దిగి ధన్‌మని తగిలింది. వెనక చక్రాలు ఎగిరి పక్కకు జారాయి. ఎదురుగా మనుషులతో నిండిన ఆటో. ఎట్లా తిప్పానో తెలియదు, బండి మట్టిలోకి దిగి ఆగింది. ఆటో వెళ్లిపోయింది.

కాకా నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. నేను తాగేదాకా ఆగాడు.

"బండి అందంగ కూసున్నది బిడ్డా. కని గుంత అస్తే కిందికి దిగెతందుకు దానికి జాగ నువ్వే లేకుంట చేసినవ్."

అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి ఆ రోజు నుంచి బిడ్డా అన్నాడు. నేనూ కాకా అనడం అప్పుడే మొదలుపెట్టాను. పాత ఎత్తు స్ప్రింగులు వేసి, వాటికి తగిన మంచి షాకప్‌లు వేశాడు. ఆ కారు ఆ తర్వాత అయిదేళ్లు నన్ను ఒక్కసారి కూడా భయపెట్టలేదు.

మూడో తరం కారు వచ్చినప్పుడు తప్పు కాకాది. పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు, బిర్రు సస్పెన్షన్ చూసి మొహం చిట్లించాడు. "గీ రోడ్లకు గిదేం బండి? నడుము పోతది" అని షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా నడపలేదు. నాకూ పంతం వచ్చింది. సర్వీసుకని వెళ్లిన రోజు తాళం ఆయన చేతిలో పెట్టి, "ఒక్కసారి నడుపు కాకా. అటెన్క తిట్టు" అన్నాను.

అదే చందుర్తి దారి. మొదట నెమ్మదిగా పోనిచ్చాడు. తర్వాత ఒక గుంతను కావాలనే ఎక్కించాడు. వెనక్కి తిప్పి అదే గుంతను మళ్లీ ఎక్కించాడు. నేను జారిన మలుపును రెండుసార్లు తిరిగాడు. పెదవుల మీద చిన్న నవ్వు. అక్కడి నుంచి నేరుగా కోరుట్ల షెడ్డుకు తెచ్చాడు.

షెడ్డులో అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు. బండి దిగి అందరికీ వినపడేటట్టు అన్నాడు: "ఇగో, గీ బండి గురించి నేను చెప్పింది తప్పు. బాడీ గట్టిగున్నది, షాకప్ దాని పని అది చేస్తున్నది. గుంతల ఒక్కసారి దన్నుమంటది, మల్ల ఊగది. నేను నడపకుంటనే మాట్లాడిన."

తర్వాత నా వైపు తిరిగి, "మొదటి దాని లెక్క చేతికి చెప్పది గని, చెప్పినట్టు ఇంటది బిడ్డా" అన్నాడు.

పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. తప్పు చెప్పానని తెలిసిన రోజున, నలుగురి ముందు అంత తేలిగ్గా ఒప్పుకోవచ్చని నాకు ఆ షెడ్డులోనే తెలిసింది. ఆ తర్వాత రెండు మూడుసార్లు క్లాసులో ఆ పని చేశాను. ఏమీ పోలేదు.

జగిత్యాల జిల్లాలోనే ఇబ్రహీంపట్నం దగ్గర వాళ్ల ఊళ్లో దహనం జరిగింది. తిరిగి వస్తుంటే దారి పక్కన పసుపు కొమ్ములకు పాలిష్ పడుతున్నారు. గాలికి లేచిన పొడి రోడ్డంతా పరుచుకుని ఉంది. దాని మీదుగా నెమ్మదిగా పోనిచ్చి మలుపు తిరిగి, అద్దంలో చూశాను. నల్లటి తారు మీద నా చక్రాలు వదిలిన రెండు పసుపు గీతలు, ఎక్కడా వణకకుండా, ఆ మలుపు పొడుగునా వంపు తిరిగి ఉన్నాయి.