బాబాయి ఖాయంగా చెప్పిన మాట

ఈమధ్య మా మనవరాలు ఏదో పోటీ పరీక్షకని సెల్‌ఫోన్లో ఇంగ్లీషు పాఠాలు వింటోంది. పక్కగదిలో పేపరు ముందేసుకుని కూర్చునే నాకు ఆ పాఠం చెప్పే కుర్రాడి గొంతు రోజూ వినపడుతూనే ఉంటుంది. మొన్న ఉదయం అతను పెద్ద వాక్యంలో ఇమిడిపోయే చిన్న వాక్యం సంగతి ఎత్తుకుని, దానిలో మే ఎప్పుడు రావాలి, మైట్ ఎప్పుడు రావాలి, షుడ్ ఎక్కడ పెట్టాలి అని చెబుతున్నాడు. రైలు ఆలస్యం కావచ్చని స్టేషను మాస్టరు చెప్పాడు, వాన పడవచ్చని ఆమె గొడుగు తీసుకుంది, ఇవీ అతని ఉదాహరణలు. ఆ వరస వినేసరికి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. రాజమండ్రిలో మా బాబాయి ఇంటి అరుగూ, ఆ అరుగు చివర ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న చేపలత్తా కళ్ళ ముందుకొచ్చారు.

మా బాబాయి పగలు ఒక మిషను స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. సాయంత్రం ఒక చిన్న దినపత్రిక ఆఫీసులో టెలిప్రింటరు మీద వచ్చే ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసేవారు. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాక తిరుగుతున్న నన్ను తమ ఇంట్లో ఉంచుకుని ఆ డెస్కులో కూర్చోబెట్టింది ఆయనే. ఉదయం పూట అరుగు మీద ట్యూషను చెప్పేవారు గనక, పిల్లలకు పొద్దున చెప్పిన పాఠమే నాకు సాయంత్రం మళ్ళీ తగిలేది. ఇంగ్లీషు వార్తలో ఎవరు చెప్పారన్నది ముందొస్తుందని, ఏమి చెప్పారన్నది తోకలా వెనక వస్తుందని, అనుమానమంతా ఆ తోకలోనే ఉంటుందని అనేవారు. తెలుగులోకి దించగానే తోక ముందుకొస్తుంది కాబట్టి చదివేవాడికి మొదట తగిలేది ఆ అనుమానమేననీ, దాన్ని ఎక్కువా తక్కువా కాకుండా తూచి పెట్టాలనీ ఆయన పట్టుదల. వాళ్ళు ఉండవచ్చు అంటే మనమూ ఉండవచ్చు అనాలి, వాళ్ళు ఉండి తీరాలి అంటే మనమూ అంతే అనాలి. రాసింది కొట్టేసి మళ్ళీ రాయించడంలో ఆయనకు విసుగన్నది ఉండేది కాదు.

ఈ అలవాటు ఇంట్లోకీ పాకిందని మా పిన్ని వేళాకోళం చేసేది. కూరలో ఉప్పు సరిపోయిందా అనడిగితే సరిపోయి ఉండవచ్చు అంటారే తప్ప, పెళ్ళైన దగ్గర్నుంచి మీ బాబాయి నోట ఒక్క ఖాయమైన మాట వినలేదురా అని నాతో అనేది. ఆయన తలెత్తకుండా, అది నిజమే అయ్యుండవచ్చు అనేవారు.

చేపలత్త మాకు వరసేమీ కాదు. గోదావరి గట్టు కింద పాకలో ఉంటూ, మా వీధి వీధంతటికీ చేపలు తెచ్చే ఆవిడను పిల్లా పెద్దా అందరం అలాగే పిలిచేవాళ్ళం. తట్ట దించుతూనే బేరానికి ముందు నలుగురినీ నాలుగు మాటలని, పులస కావాలంటే మీ మాస్టారిని ఇంకో స్కూల్లో కూడా చేరమనండని మా పిన్నిని ఆటపట్టించే మనిషి. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు అంతర్వేది అవతల పల్లిపాలెంలో అత్తవారింట ఉంటూ సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. ఆ ఏడు గాలివాన వచ్చినప్పుడు వేటకెళ్ళిన బోట్లలో కొన్ని తిరిగొచ్చాయి. అతనెక్కిన బోటు రాలేదు.

ఆ బోటు ఒరిస్సా తీరానికి కొట్టుకుపోయి ఉండవచ్చని అధికారులు భావిస్తున్నట్టు టెలిప్రింటరు మీద వార్త వచ్చింది. బాబాయి దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేశారు, మర్నాడు అచ్చయింది. అది మొదలు చేపలత్త ఖాళీ తట్టతో ఉదయాన్నే అరుగు చివరకొచ్చి కూర్చునేది. పిల్లలు పాఠం వల్లెవేస్తుంటే, అందులో తన కొడుకు కబురేదో ఉందన్నట్టు చెవి ఒగ్గి వినేది. వాళ్ళ గొంతులు ఆగగానే బాబాయి ముఖంలోకి చూసేది. రాత్రి వచ్చిన వార్తలో కొత్తేమీ లేదమ్మా, కొట్టుకుపోయి ఉండవచ్చనే అంటున్నారు అని ఆయన చెప్పేవారు. మధ్యమధ్య పల్లిపాలెం వెళ్ళొచ్చేది, వచ్చి మళ్ళీ అక్కడే కూర్చునేది. గాలింపు మందగించింది, వార్త చిన్నదై లోపలి పేజీకి పోయింది, ఆ ఉండవచ్చు మాత్రం చెక్కుచెదరలేదు.

ఒకరోజు ఆవిడ పల్లిపాలెం నుంచి తిన్నగా మా ఇంటికొచ్చింది. ఈసారి కబురు అడగలేదు. తన కోడలు బోటు బయల్దేరిన రేవు దగ్గర ఇసకలో కూర్చుందనీ, తిండి ముట్టడం లేదనీ, చంటిదానికి పాలు కూడా ఇవ్వడం లేదనీ చెప్పింది.

"పెద్దోళ్ళు చెబితే ఇనదండి. మేష్టారి పేపర్లో ఉండొచ్చని పడింది గదా అంటదండి. పోయాడని తేల్చి రాసెయ్యండి మేష్టారూ."

కన్నతల్లి కోరిన కోరిక అది. పిల్లలు పుస్తకాల్లోంచి తలలెత్తారు. బాబాయి చేతిలోని సుద్దముక్క తిప్పుతూ, తెలియనిది అలా రాయకూడదమ్మా అన్నారు.

"రాయకూడదు, సరేనండి. మరి ఆ పిల్లని ఎవరు లేపుతారండి?"

ఆయన సుద్దముక్క కింద పెట్టారు. పిల్లలను ఇళ్ళకు పంపేశారు. లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చి, నన్ను కూడా రమ్మని, చేపలత్త వెనకే బస్టాండుకు నడిచారు.

రావులపాలెం మీదుగా, రాజోలు మీదుగా ముగ్గురం బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా కొబ్బరితోటల్లో చెట్లు తలలు విరిగి మొండేలై నిలబడి ఉన్నాయి, చేలల్లో నీళ్ళు ఇంకా తీయలేదు, కుళ్ళిన పైరు వాసన కిటికీలోంచి కొడుతోంది. పల్లిపాలెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ పిల్ల, నిజంగా చిన్నపిల్లే, బోర్లించిన పడవకు చేరగిలబడి నీళ్ళకేసి చూస్తోంది. పక్కనెవరో ఆడమనిషి చంటిబిడ్డను ఊరుకోబెడుతోంది. బాబాయి తెల్లపంచెతో అలాగే ఆ తడి ఇసకలో ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నారు.

"పేపర్లో రాసేది నేనేనమ్మా. మీ ఆయన ఇక రాడు."

ఆ పిల్ల మొదటిసారి సముద్రం మీంచి చూపు తిప్పి ఆయన్ని చూసింది. ఇన్నాళ్ళూ తనకు ఆశ పెట్టిన మాట రాసిన మనిషి ఇతనేనా అన్నట్టు చూసింది.

"పేపర్లో పడిందాండి?"

"పడలేదు. నేను చెబుతున్నాను."

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. రెండు చేతులూ ఇసకలో ఆనించి, పెద్ద వయసు మనిషిలా మెల్లగా లేచి, చంటిదాన్ని అందుకుని ఇంటికేసి నడిచింది. అందాకా నిలబడి ఉన్న చేపలత్త అప్పుడు కూలబడింది, కొడుకు పోయాడన్నది ఆవిడకు కూడా ఆ క్షణానే తెలిసినట్టు.

తిరుగు బస్సులో ఊరు దగ్గర పడుతుండగా బాబాయి నా వైపు చూడకుండానే అడిగారు.

"వస్తాడంటావేంట్రా?"

తర్వాత ఆయన డెస్కు మీద ఉన్నన్నేళ్ళూ, టెలిప్రింటరు కాగితం చింపగానే ముందు ఒరిస్సా వార్తలు, తర్వాత బెంగాల్ వార్తలు చూసి, ఆపైనే తక్కినవి ముట్టుకునేవారు. ఆ బోటు మాట మళ్ళీ ఏ వార్తలోనూ రాలేదు. మా పిన్ని ఎలా తెలుసుకుందో గానీ, ఉప్పు గురించి వేళాకోళం మానేసింది. చేపలత్త కొన్నాళ్ళకు మళ్ళీ తట్ట ఎత్తింది, కానీ బేరం తప్ప మరో మాట ఆడేది కాదు. ట్యూషను జరిగే వేళకు మాత్రం మా వీధిలోకి వచ్చేది కాదు.

బాబాయి పోయి చాలాకాలమైంది. ఆ పత్రికా మూతపడింది, టెలిప్రింటరు అంటే ఏమిటో మా మనవరాలికి వివరించబోతే ఫ్యాక్సు లాంటిదా అంది. ఇప్పుడు మనిషి పోయాడన్న కబురు క్షణంలో ఫోన్లోకొస్తుంది, మరుక్షణం కాదట అని ఇంకొకటి వస్తుంది. పంపినవాడెవడో తెలియదు, ఆ కబురు అందుకున్న ఇంటికి బస్సెక్కి వచ్చి వాడు ఎదురుగా కూర్చోడు. ఇది వయసు మీద పడినవాడి సణుగుడే కావచ్చు. ఉండవచ్చు అని రాసినన్నాళ్ళూ బాబాయి తేలిగ్గా నిద్రపోయారనీ, రాడు అని చెప్పాక ఆ నిద్ర మళ్ళీ రాలేదనీ మాత్రం నేను కళ్ళారా చూశాను.

మొన్న ఆ పాఠం నడుస్తుండగానే మా మనవరాలి ఫోను టింగుమంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడవచ్చని, వేటకు వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలని. నేను కళ్ళజోడు సవరించుకుని చదివేలోపే, ఆ పిల్ల దాన్ని వేలితో పక్కకు తోసేసి పాఠం మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది.