మందును ముగించే ముద్ద

నేను ఒకసారి చేప తిన్నానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు మాది. చిన్న సంగతిని కూడా వదలకుండా డైరీ రాసుకునే నేను ఆ ఒక్కటీ అందులో రాయలేదు. మొన్న నార్తాంప్టన్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌ నిండా చేపల వాసన అలముకుని ఉండగా, పక్కనున్న అమ్మాయి, పుట్టినప్పటి నుంచీ వెజిటేరియన్‌వేనా అని నన్ను అడిగింది. తలూపి, సగం తిన్న డబ్బాకు మూత పెట్టేశాను.

చదువు కోసం బ్రిటన్ వచ్చిన మనలో చాలామందిలాగే నేనూ ఎడిన్‌బర్గ్‌లో శని, ఆదివారాలు వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేసేదాన్ని. ఎప్పుడో హవాయి దీవుల నుంచి ఈ దేశపు కోడలిగా వచ్చిన పెద్దావిడ అక్కడ ఉండేది. అందరూ పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని. ఆమె నాయనమ్మ తమ దీవిలో ఆకుమందుల వైద్యురాలట. ఆవిడ వాడిన నల్లరాతి పొత్రం, మందు కలిపే సొరకాయ బుర్ర, వడకట్టే తుంగపీచు ఆంటీ గదిలో కిటికీ దగ్గర ఉండేవి. మొక్కను అడగకుండా ఆకు కోయకూడదనీ, ప్రార్థన లేకుండా నూరితే అది మందు కాదు, పచ్చడనీ చెప్పి నవ్వేది. మందు తాగడం పూర్తయ్యాక సముద్రంలో దొరికేదేదైనా ఒక ముద్ద తిని ముగించాలట. లేకపోతే జబ్బుకు తలుపు తెరిచి ఉంచినట్టేనట. పథ్యాల మధ్య పెరిగినదాన్ని కనుక నాకది వింతగా తోచలేదు.

ఆంటీ హోమ్‌కు రాకముందు, మేనకోడలు వచ్చి ఆమె చెప్పినట్టే ఆ రాతితో వేరు నూరి దగ్గుకు మందిచ్చిందట. మందు అయిపోయింది గానీ, ముగింపు ముద్ద తినేలోపే పక్షవాతం వచ్చింది. మాట ముద్దగానైనా వచ్చేది గానీ గొంతుకు గుటక వేసే శక్తి పోయింది. కడుపులోకి అమర్చిన గొట్టమే ఆధారం. నోటికి ఏమీ ఇవ్వకూడదు.

ఆ చలికాలం ఆంటీకి ఛాతీ బాగా పట్టేసింది. జీపీ డాక్టరు మందులు మార్చి చూశారు. మందు ముగించలేదు, అందుకే తగ్గడం లేదని ఆంటీ ఒకటే మాట. చిన్న చేపముక్క నాలుక మీద పెడితే చాలని నన్ను బతిమాలేది. పెట్టొచ్చా అని మా షిఫ్ట్ నర్సు కాకినాడ అక్కను అడిగాను.

"మతుండే అడుగుతున్నావా? పొరబోయి ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోద్ది. ఆవిడ నీ చేతిలో పోతే ఏం చేస్తావే?" అని కసిరి, అంతలోనే నవ్వింది. "అయినా మా ఇంట్లో పులుసు కాగితేనే ముక్కు మూసుకుంటావ్, నువ్వు చేప కొంటావా!"

అక్క అన్నది నిజమే. తన ఉమ్మికే ఆంటీకి పొరబోవడం నేనూ చూశాను.

అయినా ఒక శనివారం పొగబెట్టిన చేప కొని, వేడిచేసి తీసుకెళ్లాను. వాసనైనా చూపిద్దామనుకున్నానేమో, ఇప్పటికీ తెలియదు. ఆంటీ కళ్లు మూసుకుని నోరు తెరిచింది. నా చెయ్యి లేవలేదు. చాలాసేపు ఎదురుచూసి, తనే నోరు మూసుకుని, పనిచేసే చేత్తో నా చేతిని నా వైపే నెట్టింది. తన బదులు నన్ను తినమంది. అలా చెల్లుతుందా అని అడిగాను. తెలియదు, నాయనమ్మ ఉంటే చెప్పేదంది. తర్వాత తన భాషలో ఏదో ప్రార్థన గొణిగింది. నేను నోట్లో పెట్టుకున్నాను.

మరుసటి వారం వెళ్లేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

ఇప్పుడు ఫోన్‌లో వెతికితే ఆ మొక్కలన్నీ దొరుకుతాయి, ఏది దేనికి నూరాలో కూడా. ఒకరి బదులు ఒకరు తింటే చెల్లుతుందా అని అడగడానికి మాత్రం ఆమెకు అప్పుడే ఎవరూ లేరు, నాకు ఇప్పుడూ లేరు.

ఆ రోజు ముక్క మింగలేక, ఉమ్మలేక నేను నోరు మూసుకుని ఏడుస్తుంటే, ఆంటీ నా వైపు చూస్తూ కూడబలుక్కుని అంది: "మెల్లగా తిను తల్లీ. ముళ్లుంటాయి."