మంగాయమ్మ మెడ వెనక పాట

మంగాయమ్మ గొంతు గురించి బాపట్లలో ఎవరికీ అనుమానం లేదు. ఆవిడ వీధి మొదట్లో ‘చేపలమ్మా’ అని కేకేస్తే వీధి చివర పిల్లులు లేచి కూర్చుంటాయి. పాతికేళ్ళుగా తెల్లారేసరికి సూర్యలంక ఒడ్డున చేపలు కొని, ఆటోలో ఊళ్ళోకొచ్చి, గంప నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషికి ఆ మాత్రం గొంతు ఉండొద్దూ? చిక్కల్లా ఆదివారంతోనే. చర్చిలో స్త్రీల సమాజం పాట పాడేటప్పుడు ఆవిణ్ణి వెనక వరసలో నిలబెట్టి, పెదాలు కదిపితే చాలనేవాళ్ళు. చదువు రాదు కాబట్టి చేతిలో పాటల పుస్తకం విసురుకోడానికే పనికొచ్చేది. పైకి నవ్వేసేది గానీ, దేవుడు తనకి గొంతిచ్చింది చేపలమ్ముకోడానికేనా అని లోపల బాధగానే ఉండేది.

ఈ ఏడు రేపల్లెలో స్త్రీల సభలు. పాటలు నేర్పే ఎబినేజర్ బళ్ళో మేష్టారు, ముప్ఫై నిండని కుర్రాడు. మూడు చరణాల కొత్త పాట తనే కట్టి అందరి ఫోన్లకీ పంపాడు. రెండు వారాల తర్వాత శనివారం ఒక్కొక్కళ్ళ చేతా పాడిస్తాననీ, రాసింది చూడకుండా పాడినవాళ్ళే రేపల్లెలో నిలబడతారనీ, పెదాలు కదిపేవాళ్ళు హాయిగా కూర్చోవచ్చనీ చెప్పాడు. అందరికీ కలిపే చెప్పాడు గానీ, అందరూ చూసింది మంగాయమ్మ వంకే.

ఎలాగైనా నేర్చుకు తీరాలనుకుంది. చెవులతో తప్ప నేర్చుకునే దారి లేదు. ఇంటికెళ్తే పొయ్యి, పడుకుంటే నిద్ర, ఖాళీగా ఉండేవి గంప మోస్తూ తిరిగే ఐదారు గంటలే. కూతురు పింకీ తన హెడ్‌ఫోన్ ఇచ్చింది. దాని పట్టీ నడినెత్తి మీదుగా పోతుంది. నడినెత్తిన చుట్టకుదురు, దానిమీద గంప. ఇంక పట్టీకి చోటెక్కడ? చెవిలో దోపుకునే చిన్నవి పెట్టుకుంటే ఒకటి జారి నెత్తళ్ళ చేపల గంపలో పడింది. వెతికి తీశారు గానీ, ఎంత తుడిచినా అది నెత్తళ్ళ వాసనే.

చివరికి తల్లీకూతుళ్ళు రైలెక్కి తెనాలి వెళ్ళారు. స్టేషను దగ్గర కొట్టతను మెడ వెనకనుంచి వచ్చి చెవులకి తగులుకునే రకం చూపించాడు. చవకదే. మంగాయమ్మ దాన్ని తగిలించుకుని, అక్కడున్న మిక్సీ అట్టపెట్టె నెత్తినెత్తుకుని, కొట్టు ఈ చివర్నించి ఆ చివరికి రెండుసార్లు నడిచింది. పెట్టె కదల్లేదు, పట్టీ కదల్లేదు. పాట ఎలా వినపడుతుందో చూడమని కొట్టతను అంటున్నా, అది తర్వాత చూసుకోవచ్చని కొనేసింది.

మొదటిరోజు కొక్కేలు ఒరుసుకుని చెవుల పైభాగం ఎర్రబడింది. మర్నాడు పాత నేతచీర పేలికలు చుట్టింది, ఇంక నొప్పి లేదు. మద్దెల రేకుడబ్బా మీద కొట్టినట్టు వినిపించేది గానీ, గొంతు మాత్రం శుభ్రంగా వచ్చేది. వచ్చింది కుడిచెవిలోనే. ఎడమ చెవిలో పాట లేదు, ‘వంజరం ఉందా’, ‘రొయ్యలెంత’ అనే మాటలున్నాయి. మంగాయమ్మకి ముచ్చటేసింది. ఒక చెవి పాటకీ ఒక చెవి బేరానికీ వదిలారంటే, గంప మోసేవాళ్ళ కష్టం తెలిసినవాడెవడో చేసుంటాడని కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. పొద్దున్నే కాలేజీ రైలుకి పరిగెత్తే పింకీ దాన్ని ఒక్కసారైనా పెట్టుకు చూడలేదు. తా వలచింది రంభ, ఎవరు కాదంటారు?

శనివారం వచ్చింది. ముందు ప్రేమకుమారి పాడింది. ఆవిడది సమాజంలో పేరున్న గొంతు. తర్వాత మంగాయమ్మ లేచి కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. మాట ఒక్కటీ తప్పలేదు, రాగం మాత్రం వేరే. రెండో చరణానికి నవ్వులు మొదలయ్యాయి. మూడో చరణానికి ప్రేమకుమారి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మంగాయమ్మ కళ్ళు తెరిచి చూసింది, అర్థమైంది, కళ్ళనీళ్ళు తిరిగాయి.

“నేను విన్నదే పాడాను బాబూ. ఒక్క ముక్క వదల్లేదు.”

ఎబినేజర్ ఆ హెడ్‌ఫోన్ అడిగి తీసుకుని పెట్టుకున్నాడు. కాసేపు విని, ఎడమవైపు తట్టి, మళ్ళీ విన్నాడు. నేర్చుకునేవాళ్ళకి వీలుగా ఉంటుందని అతను పాట పంపినప్పుడే అసలు రాగం ఎడమ చెవిలోకి, దానికి తోడుగా నడిచే సెకండ్ వాయిస్ కుడి చెవిలోకి వచ్చేలా రికార్డు చేసి పంపాడు.

“ఎడమది అసలు పలకట్లేదత్తా,” అన్నాడు.

“పలక్కపోవటమేంటి బాబూ, అది బేరాల చెవి.”

ఈసారి ఎబినేజర్ కూడా నవ్వాడు గానీ, వెంటనే ఆపుకున్నాడు. ప్రేమకుమారి వాళ్ళందరినీ అసలు రాగం అందుకోమన్నాడు. మంగాయమ్మని తను నేర్చుకున్నదే పాడమన్నాడు. ఆ సమాజంలో సెకండ్ వాయిస్‌కి నలుగురున్నారు. ఏటా రెండో లైనుకల్లా నలుగురూ జారి అసలు రాగంలో కలిసిపోతారు, అతను తలపట్టుకుంటాడు. మంగాయమ్మకి జారడానికి వేరే రాగమే తెలియదు. పట్టుకున్న కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, చుట్టూ పదిహేనుమంది ఒకటి పాడుతుంటే ఆవిడ తనది పాడింది. మూడు చరణాలూ అలాగే నిలబెట్టింది. రెండూ కలిసి ఆ గదిలో పాట నిండుగా మోగింది, నవ్వినవాళ్ళే ముందుగా చప్పట్లు కొట్టారు.

మంగాయమ్మ అలవాటుగా వెనక వరసలోకి వెళ్ళబోయింది. అటు కాదనీ, ముందు నిలబడమనీ, ఆ నలుగురూ ఆవిడ గొంతు పట్టుకుని పాడాలనీ ఎబినేజర్ చెప్పాడు. ఆవిడ ముందుకొచ్చింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక కొంగు చుట్టుకుంది.

“గొంతు తగ్గించి పాడనా బాబూ?” అని అడిగింది.

“వద్దత్తా,” అన్నాడు ఎబినేజర్. “నువ్వు తగ్గిస్తే మేం పడిపోతాం.”