రెండో కొర్రమట్ట

అంగట్లో ముక్కలు కొట్టించి నల్ల కవర్లో ఇంటికి తెచ్చుకోవడమే నాకు తెలిసిన చేపల వేట. ఖేడ్ బజార్లో బట్టలు కుట్టుకుని బతికేవాణ్ణి, గాలం ఎట్లా కడతారో కూడా తెలియదు. అయినా తొలకరి పడ్డాక ఒక ఆదివారం నా చేత్తో నేనే ఒక కొర్రమట్టను, అదే కొర్రమీనును, పట్టాను. పట్టినప్పుడు ఎంత ఎగిరానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పటికి ఇరవై రోజుల కింద నా భార్యకు ఏడో నెలలోనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. రెండు రోజులు బతికింది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె తిండి మానేసింది. పొద్దున ఇంత చాయ, సాయంత్రం నాలుగు గుక్కల గంజి, అంతే. కుట్లు మానడం లేదని, ఇట్లాగైతే మళ్లీ చేర్చుకోవాల్సి వస్తుందని డాక్టరమ్మ కోప్పడింది. మా అత్త బతిమాలింది. నేను అరిచాను, తర్వాత ఏడ్చాను. ఏదీ పని చేయలేదు.

నాకు ఇద్దరు దోస్తులు. ఒకడు మనూర్ వైపు ఆటో నడుపుతాడు, ఇంకొకడికి వెల్డింగ్ షాపు ఉంది. వెల్డింగ్ వాడికి చేపల పిచ్చి. కొర్రమట్ట పులుసు తినిపిస్తే చెల్లెకు కుట్లు జల్దీ మానుతాయని వాడే చెప్పాడు. మా దగ్గర అందరూ నమ్మే మాటే అది. వారం రోజులు అంగట్లో అడిగినా దొరకలేదు. ఇక మనమే పట్టుకుందామని ఆటోలో గిన్నెలు, కారం డబ్బా, రొట్టెల మూట పెట్టుకుని ముగ్గురం బయలుదేరాం.

మంజీర ఏటి నీళ్లు వెనక్కి తన్ని చేలల్లోకి వచ్చే చోట ఆటో ఆపాం. తుంగ పక్కన నీటి మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఏదో కదులుతోంది. దగ్గరికి పోయి చూస్తే చేపపిల్లలు. వడ్లగింజంత పిల్లలు వందల కొద్దీ ఒకటే గుంపుగా తేలుతూ మునుగుతూ ఉన్నాయి. వెల్డింగ్ వాడి మొహం వెలిగిపోయింది. చిన్న కప్పను గాలానికి గుచ్చి సరిగ్గా ఆ ఎరుపు మధ్యలో వేశాడు. రెండోసారి వేయగానే నీళ్లు ఎగిసిపడ్డాయి. మూరెడు కొర్రమట్ట గడ్డి మీద పడి కొట్టుకుంది.

వాడు గాలం కట్టె నా చేతికిచ్చి, అదే చోట వెయ్యమన్నాడు. ఇరవై ఏళ్లుగా సూదితో పని చేస్తున్న చెయ్యి నాది, అయినా గాలాన్ని రెండుసార్లు తుంగకే తగిలించాను. ఆటో వాడు పడీ పడీ నవ్వాడు. మూడోసారి కప్ప నీళ్లను తాకిందో లేదో, కట్టె వంగిపోయింది. చెప్పులు వదిలేసి మోకాలి లోతు బురదలో దిగి, చేపను దాదాపు కౌగిలించుకుని ఒడ్డుకు తెచ్చాను. అన్ని రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

వెల్డింగ్ వాడు రెండింటికీ బూడిద రాసి, బండ మీద రుద్ది, ముక్కలు కోశాడు. మూడు రాళ్లు పెట్టి కంది కట్టెతో మంట వేశాం. నేను చింతపండు పిసుకుతూ ఊరికే అడిగాను, కొర్రమట్ట అంత తెలివైన చేప అంటారు కదా, ఇంత సులువుగా ఎట్లా పడ్డాయని.

"ఆకలికి కొట్టలే రా అవి," అన్నాడు వాడు మిరియాలు నూరుతూ. "తల్లి, తండ్రి రెండూ పిల్లలకు కావలుంటయ్. కప్ప పిల్లల్ని తింటదని దాని మీదికి ఉరుకుతయ్. గీ సీజన్ల గట్లనే పట్టుకుంటరు."

నా చేతులు ఆగిపోయాయి. మరి ఆ పిల్లలు ఏమవుతాయని అడిగితే, వేరే చేపలు తినేస్తాయని మామూలుగా చెప్పాడు. చెప్పాక నా మొహం చూశాడు. మా ఇంట్లో జరిగింది అప్పుడు తట్టినట్టుంది, చేతిలోని రాయి పక్కన పెట్టేశాడు. యాదికే రాలేదని గొణిగాడు.

నేను లేచి నీళ్ల దగ్గరికి పోయాను. ఎర్ర గుంపు అక్కడే ఉంది, కానీ అంచుల్లో చెదిరిపోతోంది. కింద నుంచి ఎవరో లాగుతున్నట్టు చిన్న చిన్న చప్పుళ్లు వస్తున్నాయి. తిరిగి వదిలేద్దామంటే రెండూ ముక్కలై గిన్నెలో ఉన్నాయి. అయినా పులుసు ఉడుకుతుంటే నోట్లో నీళ్లూరాయి. రొట్టెతో తిన్నాను. సిగ్గు లేకుండా రెండోసారి వేయించుకున్నాను కూడా.

కారం తగ్గించి, మిరియాలు, ఎల్లిపాయ ఎక్కువేసి ఆమె కోసం విడిగా వండిన పులుసును టిఫిన్ డబ్బాలో తెచ్చాను. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. మూత తీయగానే నా భార్య లేచి కూర్చుంది. ఆమెది మనూర్ పక్కన ఏటి ఒడ్డు ఊరు, వాళ్ల నాయన వల వేసిన మనిషి. ఆ సంగతి నాకు దారి పొడుగునా గుర్తే రాలేదు. కంచంలో వేసిన ముక్కను వేలితో తిప్పి చూసి, ఎక్కడ పట్టారని అడిగింది. చెప్పాను.

"పిల్లల మీద పట్టిండ్రా?"

తలూపాను. కంచం నెట్టేస్తుందనుకున్నాను. ఆమె ఆ ముక్కను వేలితో మళ్లీ తిప్పింది.

"మా నాయిన ఒకదాన్నే పట్టేటోడు. ఇంకోదాన్ని ముట్టనియ్యకపోయేటోడు. ఒకటున్నా సాలు, పిల్లలు బతుకుతయ్," అంది. తర్వాత నా కళ్లలోకి చూసింది. "రెండోది ఉన్నదా?"

కంచంలో రెండింటి ముక్కలూ ఉన్నాయి. ఏది దేనిదో నాకే తెలియదు.

"ఉన్నది," అన్నాను. "ఆడనే తిరుగుతున్నది."

ఆమె రొట్టె తుంచి పులుసులో అద్దింది. నెమ్మదిగా ముళ్లు తీసుకుంటూ మొత్తం తిన్నది. తిన్నాక, ఇంకో ముక్క వెయ్యమని కంచం నా వైపు జరిపింది.